నాగార్జునకొండ యాత్రయు, వ్యాఖ్యాత చెప్పిన కథయు

గ్రంథము వెలువడినప్పుడు దానిని విమర్శించుటయు, నాటకమాడినప్పుడు దాని గుణదోషములను తెలుపుటయు పత్రికలకు పరిపాటి. వ్యాఖ్యాత వెంటరాగా జరుగు చారిత్రకయాత్రను మాత్రము విమర్శకు లెవ్వరును పట్టించుకొనుట లేదు. కాని నేటి కుటుంబములలో దేశచరిత్రమును చదివి యెఱిగినవారికంటె ఇట్టి యాత్రలలో విని యెఱిగినవారే హెచ్చు. పుస్తకములోని తప్పును మఱొక పుస్తకము దిద్దగలదు. బస్సులో విన్న తప్పు పిల్లలతోగూడ ఇంటికి వచ్చి, బడికి పోయి, పరీక్షాపత్రములో తేలును. అందుచేత మేము చేసిన యొకనాటి యాత్రను గూర్చి గ్రంథవిమర్శ వ్రాసినట్లే వ్రాయ సంకల్పించితిమి.

గడచిన శీతకాలమున నొక ఆదివారమునాడు మేమును, మా యింటి స్త్రీలిద్దఱును, పదునొకండేండ్ల బాలికయు హైదరాబాదునుండి బయలుదేరు ఒకదినపు యాత్రలో చేరితిమి. యాత్ర నడపినవారి పేరు ఇచట అప్రస్తుతము. తెలతెలవాఱగనే బస్సు కదలెను. ఇబ్రహీంపట్నము, మల్లేపల్లి మీదుగా సుమారు 150 కిలోమీటర్ల దారి. నల్లగొండ మెట్టనేలల మీద ప్రత్తిచేలును, బత్తాయితోటలును, వాని నడుమ తలలెత్తిన గుండ్రాళ్ల గుట్టలును చూచుచు పోయితిమి. సాగరము చేరినపిమ్మట మొదట బుద్ధవనము చూపిరి. అది 2022లో ప్రారంభమైన ఉద్యానము; అమరావతీ స్తూపమును తలపించు మహాస్తూప మందు కట్టినారు. తరువాత కృష్ణ దాటి కుడిగట్టున విజయపురి రేవులో లాంచి యెక్కితిమి. నీటిమీద ఇంచుమించు గంట ప్రయాణము. కొండమీద ఒక గంట. తిరిగివచ్చి భోజనము. పిమ్మట అనుపులో అరగంట. చివరకు ఆనకట్ట. కొండయు, అనుపును ఇప్పుడు పల్నాటి జిల్లాలోనివే యైనను మా నల్లగొండవారికి సాగరమనగా ఇవన్నియు నొక్కటే.

మొదట మంచిని చెప్పవలెను. వ్యాఖ్యాత ఓపిక గలవాడు. లాంచి దిగునప్పుడు ముసలివారికి చేయూతనిచ్చెను, వెనుకబడినవారికై నిలిచెను, ఆనకట్ట సంగతులను తడబడక చెప్పెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేయుటయు, 1967లో కాలువలకు నీరు వదలుటయు, ఇరువదియాఱు గేట్లును, ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము వైపునకు పోవుటయు అతనికి కంఠస్థము. నీటికై ఆకాశమువంక చూచిన జిల్లాలో పుట్టినవాడు ఆనకట్టను గూర్చి చెప్పునప్పుడు గొంతులో పలికిన గర్వము మాకు హృదయంగమముగా నుండెను.

నీటి అడుగున నున్నదానిని గూర్చి మాత్రము అతడు చాల కొద్దిగా చెప్పెను. 1926లో రంగస్వామి సరస్వతిగారు కొండలు మూడువైపుల ముట్టడించిన ఆ లోయలో శిథిలములను గుర్తించిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు దొర త్రవ్వించెను. 1938లో టి.ఎన్. రామచంద్రన్‌గారు మరల త్రవ్వించిరి. ఆనకట్ట నిశ్చయమైన పిమ్మట, నీరు రాకమునుపే దక్కినంత దక్కించుకొనవలెనని 1954 నుండి 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున లోయనెల్ల శోధించిరి. కొన్ని కట్టడములను రాయి రాయిగా విప్పి కొండమీదను, అనుపులోను మరల నిలిపిరి. తక్కినదెల్ల జలాశయములో కలిసినది. శిథిలములతోపాటు పుల్లారెడ్డిగూడెమను సజీవమైన పల్లెయు మునిగినది. ఆ పేరు మాకు ఆ దినమంతయు ఎవ్వరినోటను వినబడలేదు.

ఇట్లు మాఱిన రాళ్లకు మన ప్రాంతమున మఱొక యుదాహరణము కలదు. శ్రీశైలము జలాశయము వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి పాలమూరు సీమలోని ఆలంపురమున మరల కట్టిరి. అచట దీపము వెలుగుచున్నది. జనులు కూర్చుందురు, గోడలను తేఱిపాఱ చూతురు. నాగార్జునకొండమీద దీపము లేదు. అచటి రాళ్లకు మాటయే దీపము. ఆ మాట చెప్పువాడు వ్యాఖ్యాత యొక్కడే గనుక అతని మాటను తూచి చూడవలసియున్నది.

ఇక అతని కథకు వత్తము. దానికి ఆరంభమును అంతమును రోమకులే.

అనుపులో నలుచదరపు రంగస్థలమొకటి కలదు. నడుమ సుమారు 16 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు గల ఆవరణము. నాలుగు వైపులను మెట్లు. "ఇది అచ్చం రోమ్‌ల ఉన్నట్టే ఉంటది. రోమన్లే వచ్చి మనోళ్లకు నేర్పిండ్రు" అని వ్యాఖ్యాత చెప్పగా అందఱును ఛాయాచిత్రములు తీసికొనిరి. ఒకరు చప్పట్లు కొట్టి ప్రతిధ్వనిని పరీక్షించిరి. రోమునగరములోని కొలోసియము అండాకృతి గలది. దాని ఆవరణమే 83 మీటర్ల పొడవు. వేలకొలది జనులు మృగములతోడి పోరాటములు చూచుటకు కట్టినది. మన కట్టడము చతురస్రము. ఒక పెద్ద లోగిలి యంత. మన కోనేటి మెట్లను చూచినవారికి ఆ మెట్లు పరాయివిగా తోచవు. ఇందు ఆటలాడిరో, పాటలు పాడిరో, వాదములు జరిపిరో పండితులు చర్చింతురుగాక. మెట్లు మెట్లను పోలినంతమాత్రమున గురువు శిష్యుడు ఏర్పడరు. మనయింట చక్కని వస్తువు కనబడినచో అది పొరుగింటినుండి తెచ్చినదే యనుకొను అలవాటు మనకెట్లు పట్టినదో తెలియకున్నది. ఇంకను విచిత్రమేమనగా, ఆ పొరుగిల్లు సముద్రముల కావల నున్నకొలదియు గౌరవము హెచ్చును!

రోమకులతో ఈ నేలకు సంబంధమే లేదని మేమనుట లేదు. ఆ సంబంధము గట్టిది. మన నల్లగొండ జిల్లాలోని అక్కనపల్లిలో అగస్టసు, టైబీరియసు చక్రవర్తుల వెండినాణెములు వేయికి పైగా నొక్కచోట దొరకినవి. నాగార్జునకొండ లోయలో రోమను బంగారునాణెములు దొరకినవి. తమ దేశపు ధనము ఏటేట హిందూదేశమునకు తరలిపోవుచున్నదని రోమను గ్రంథకర్త ప్లినీ వాపోయెను. నాగార్జునకొండ శిల్పములలో నొకచోట అంగీ తొడిగి బల్లెము పట్టిన విదేశపు భటుడున్నాడు; మఱొకచోట పానపాత్రగా చేసిన కొమ్మును పట్టుకొన్న గడ్డపు మనుష్యుడున్నాడు. ఇవి వ్యాఖ్యాత చూపదగినవి. మెట్లను చూపి చెప్పినదానికంటె వీనిని చూపి చెప్పినచో ఎవ్వరును కాదనలేరు. కాని ఆ లోయలో రోమునకు అన్నిటికంటె గట్టి సాక్ష్యము మఱొకటి కలదు. అది నాణెము కాదు, బొమ్మ కాదు. ఒక రాణి జమాఖర్చు. దానిని చెప్పుటకు ముందు మాతో వచ్చిన బాలిక అడిగిన ప్రశ్నను చెప్పవలెను.

కొండమీద మరల కట్టిన స్తూపముల నడుమ నడచుచుండగా ఆ పిల్ల వ్యాఖ్యాతను సమీపించి, "సార్, ఇవన్నీ ఎవరు కట్టించారు?" అని యడిగెను. "రాజులు కట్టించిండ్రు బిడ్డా, ఇక్ష్వాకులు. రాముడి వంశమోళ్లు" అని అతడు దయతో బదులు చెప్పి ముందునకు సాగెను. పిల్ల తన చిన్నపుస్తకములో "రాజులు" అని వ్రాసికొనెను.

మేము ఈ విమర్శ వ్రాయుటకు ఆ యొక్క మాటయే కారణము.

ఇక్ష్వాకులు తమ వంశమునకు ఆ పేరు పెట్టుకొనిరి. పురాణప్రసిద్ధమైన పేరు రాజులకు ఉపయోగకరము. క్రీస్తుశకము మూడవ, నాలుగవ శతాబ్దులలో విజయపురి నుండి వారేలిరి. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము, వాజపేయము చేసినవాడు. గోవులను, నాగళ్లకొలది భూమిని దానము చేసినట్లు శాసనములు కొనియాడును. అతడు వైదికుడు. మఱి లోయనిండ వెలసిన బౌద్ధస్తూపములకు, విహారములకు ధనమిచ్చినదెవ్వరు? రాళ్లే చెప్పుచున్నవి. బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కిన దానశాసనములలో మాటిమాటికి కనబడునవి ఆడువారి పేర్లు.

మహాచైత్యమును చూడుడు. చక్రమువలె ఆకులు దీర్చిన పునాదిమీద 106 అడుగుల వ్యాసముతో నిలిచిన స్తూపమది. వీరపురుషదత్తుని యేలుబడి ఆఱవయేట దానిని నెఱవేర్చినది చాంతిసిరి. ఆమె చాంతమూలుని తోబుట్టువు; పూకీయకులపు మహాతలవరుని భార్య; వీరపురుషదత్తునకు మేనత్త. దిక్కునకైదు చొప్పున నిలిపిన ఆయకస్తంభములలో పెక్కింటిమీద ఆమె పేరున్నది. అన్న అశ్వమేధము చేయుచుండగా చెల్లెలు స్తూపము కట్టించెను. ఇద్దఱును ఒకరినొకరు కాదన్నట్లు ఆ శాసనములలో నెచటను లేదు. పైగా చెల్లెలి శాసనమే అన్న యజ్ఞములను వర్ణించుచున్నది. మతము పేరిట ఇంటిలోనే గోడలు లేచుచున్న యీ దినములలో ఈ యొక్క సంగతి చెప్పినను మా బస్సులోనివారు కొంతసేపు ఆలోచించియుందురు.

చాంతిసిరి యొక్కతెయే కాదు. చాంతమూలుని మఱొక సోదరి హమ్మసిరి కుమార్తెలు బాపిసిరి, ఛఠిసిరి. వీరిద్దఱును మేనమామకొడుకైన వీరపురుషదత్తుని పెండ్లాడినవారు. మేనరికము మనకెంత పాతదో దీనివలన తెలియును, దానిని మేము మెచ్చుకొనుట లేదు. చాంతమూలుని కుమార్తె అడవి చాంతిసిరి మఱొక దాత. రాణి భటిదేవ విహారము కట్టించెను. వనవాసి రాజునకిచ్చిన రాచకూతురు కొడబలిసిరి పుట్టినింటి నేలమీద మఱొక విహారము కట్టించెను. ఇప్పుడు పైని చెప్పిన రాణి జమాఖర్చు: ఉజ్జయినీ మహారాజు కూతురు రుద్రధర భట్టారిక మహాచైత్యమునకు ఒక రాతిస్తంభమును, నూటడెబ్బది "దీనారి మాషకములను" ఇచ్చినట్లు చెక్కించెను. దీనారి యనుమాట రోమకుల దినారియసు నుండి వచ్చినది. రోమునగరపు టంకసాలలోని మాట, ఉజ్జయినినుండి వచ్చిన కోడలి చేతిమీదుగా, కృష్ణాతీరమున సున్నపురాతిమీదికెక్కినది. రోము మనకు మెట్లు కట్టుట నేర్పినదో లేదో గాని, రోమను నాణెపు పేరుతో మన స్త్రీ లెక్క వ్రాయించినది. ఇంతటి కథను చేతిలోనుంచుకొని వ్యాఖ్యాత చప్పట్ల ప్రతిధ్వనితో తృప్తిపడెను.

వీరందఱును రాజకుటుంబపు స్త్రీలే గదా యని చదువరులు అనవచ్చును. బోధిసిరి అట్లు కాదు. ఆమె ఉపాసిక, గోవగ్రామవాసిని. వీరపురుషదత్తుని పదునాల్గవయేట, సింహళదేశపు ఆచార్యులకొఱకు చుళధమ్మగిరిమీద చైత్యగృహమును కట్టించెను. ఆ ఆచార్యులు ధర్మము చాటిన దేశములను శాసనము వరుసగా చెప్పును: కాశ్మీరము, గాంధారము, చీనము, తోసలి, అపరాంతము, వంగము, వనవాసి, యవనము, ద్రవిడము. యవనులు మనకు నేర్పిరని వ్యాఖ్యాత యనెను. ఈ లోయలోని ఆచార్యులు యవనులకు నేర్పిరని బోధిసిరి యనుచున్నది. ఆమె మాటలో భక్తి కొంత అతిశయము చేర్చియుండవచ్చును. అయినను రెండువైపులను వినుట మన విధి.

ఆ శాసనములో తరువాత వచ్చునది బోధిసిరి ఇతరస్థలములలో చేసిన దానముల పట్టిక. ఒకచోట ఒక గది, ఒకచోట మూడు, మఱొకచోట ఏడు. పూర్వశైలమున చెఱువును, వసారాయును, మండపమును. కంటకశైలమున, అనగా నేటి కృష్ణాజిల్లా ఘంటసాలలో, మహాచైత్యపు తూర్పువాకిట రాతిమండపము. ఇంటి పద్దుపుస్తకము వ్రాసిన చేయి తెలిసినవారికి ఈ వరుస చూడగనే పరిచితముగా తోచును. పుణ్యము ఎవరెవరికి చెందవలెనో చెప్పుచు తల్లిని, తండ్రిని, భర్తను, తోబుట్టువులను, వారి సంతానమును ఒక్కొక్కరినే తలచుకొనెను. చివరను పని చూచిన ముగ్గురు భిక్షువుల పేర్లును, రాయి చెక్కిన శిల్పి విధికుని పేరును వ్రాయించెను. విధికుడు! పదునేడు శతాబ్దులు గడచినను పనివాని పేరు నిలిచియున్నది. మన పట్టణములలో నేడు కట్టుచున్న సౌధములలో మేస్త్రీ పేరు చెక్కినది ఒక్కటి చూపుడు.

రోముతోనే పోల్చవలెనని వ్యాఖ్యాత ముచ్చటపడినచో అందులకు తగిన పోలిక లేకపోలేదు. క్రీస్తుశకము 79లో అగ్నిపర్వతపు బూడిదలో మునిగిపోయిన పాంపేయి నగరమున, సంతవీధి ప్రక్కనే, యూమాకియా యను పూజారిణి పెద్దభవనమును తన సొమ్ముతో కట్టించెను. తన పేరును, తన కుమారుని పేరును దానిమీద చెక్కించెను. ఆ నగరమును చూడబోవువారు నేటికిని ఆ భవనమును ఆమె పేరుతోనే పిలుతురు. ఒక నగరము బూడిదలో, మఱొకటి నీటిలో మునిగినవి. అచట యూమాకియా పేరు బ్రతికినది, ఇచట చాంతిసిరి పేరు "రాజులు" అను మాటలో మునిగినది. రోమునుండి మనము నేర్చుకొనవలసినది మెట్ల కట్టుబడి కాదు, ఈ పలుకుబడి.

ఇంతమాత్రమున ఇక్ష్వాకులకాలమున స్త్రీలకు సర్వస్వాతంత్ర్యము కలదని చాటుటకు మేము తొందరపడము. పూర్వకాలమున స్త్రీలు స్వేచ్ఛగా నుండిరని సభలలో చెప్పి, ఇంటికి వచ్చి కోడలిని చదువు మాన్పించువారిని మేమెఱుగుదుము. ఆ శాసనములలోను స్త్రీ తన్ను ఎవరి కూతురో, ఎవరి భార్యయో, ఎవరి తల్లియో చెప్పుకొననిదే తన పేరు చెప్పుకొనలేదు. వారిలో పెక్కురు ఐశ్వర్యవంతులు. స్తూపమునకు రాళ్లు మోసిన కూలిస్త్రీ పేరు ఏ స్తంభముమీదను లేదు. కాని సొమ్ము ఆమె చేతిలో నుండెననియు, దానిని ఎచట వెచ్చింపవలెనో ఆమెయే నిర్ణయించెననియు, ఆ నిర్ణయమును తన పేరుతోనే చెక్కించుకొనెననియు రాయి సాక్ష్యమిచ్చుచున్నది. ఇల్లాలి పేర బ్యాంకు పుస్తకముండియు ఆమె సంతకము మాత్రమే ఆమెదిగా నున్న యిండ్లు నేటికిని లేవా?

వ్యాఖ్యాతను నిందించుట మా యుద్దేశము కాదు. అతడు చెప్పినదంతయు అంతకుముందెవరో అతనికి చెప్పినదే. ఉన్న గంటలో అరువదిమందిని నడపించి, లాంచి కూతకు తిరిగి చేర్చవలెను. నిజమైన దోషము ఒక్క దినములో ఉద్యానమును, కొండను, అనుపును, ఆనకట్టను కుక్కిన కార్యక్రమమునది. అయినను తీఱిక లేదనుట మేమొప్పుకొనము. లాంచిలో పోవునప్పుడొక గంట, వచ్చునప్పుడొక గంట గడచినది గదా! ఆ రెండుగంటలలో ఏ చలనచిత్రమున ఏ పాట ఈ నీటిమీద తీసిరో సవిస్తరముగా వింటిమి. మునిగిన నగరము సరిగా మా కాళ్లక్రింద నున్నప్పుడు పాటల పట్టిక వినుచుంటిమి. బోధిసిరి శాసనమును తేటతెలుగున చదువుటకు పది నిమిషములు చాలును. ఫోగెలు పండితుడు ఈ శాసనములను "ఎపిగ్రాఫియా ఇండికా" సంపుటములలో ప్రకటించి తొంబదియేండ్లు దాటినది. అవి రహస్యములు కావు. యాత్ర నడపువారు వానినుండి రెండుమూడింటిని తెలుగుచేయించి, ఒక కాగితముమీద అచ్చువేయించి, టిక్కెట్టుతోపాటు చేతికిచ్చినచో ఖర్చు ఫలహారపు పొట్లమంత కాదు.

పోవువారికిని మా మనవి యొకటి. టిక్కెట్టు కొనినవాడు ప్రేక్షకుడు మాత్రమే కాడు. మాలో అరువదిమందికి ఒక్క పిల్లకు తప్ప ఎవరు కట్టించిరను సందేహమే రాలేదు. పెద్దవారమైన మేమును, సమాధానము తప్పని తెలిసియు, నలుగురిలో అతని మాటను త్రోసిపుచ్చుట బాగుండదని అప్పటికి ఊరకుంటిమి. అది మా తప్పు. మర్యాద పేరిట ఊరకుండుటవలననే ఇట్టి కథలు స్థిరపడుచున్నవి.

తిరుగుప్రయాణమున చీకటిపడిన పిమ్మట, బస్సులో పాటలు పెట్టిరి. మేము పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చాంతిసిరి మాటయు, బోధిసిరి మాటయు చెప్పితిమి. ఆమె చిన్నపుస్తకము తీసి "రాజులు" అనుదానిని కొట్టివేసి, క్రింద ఆ పేర్లు వ్రాసికొనెను. విధికుని పేరు వ్రాయునప్పుడు వత్తు పెట్టవలెనా యని యడిగెను. ఉజ్జయిని రాణి సంగతి విని కొంతసేపాలోచించి, నూటడెబ్బది దీనారములనగా ఇప్పటి రూపాయలెన్ని యని ప్రశ్నించెను. మా యింటివారొకరు బంగారపు ధరనుబట్టి చూడవలెననిరి. మఱొకరు ఆనాడు ఒక ఆవు వెల యెంతయో తెలిసినగాని లాభము లేదనిరి. మల్లేపల్లి దాటువఱకును ఆ లెక్క తేలలేదు.